“వెళ్లొస్తా” అనే సిగ్నల్

నిన్న పొద్దున మా సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు.

“శ్రీను డాబా మీద నుంచి పడి చనిపోయాడంట. కేబుల్ అతికించే మిషన్ వాడి దగ్గరే ఉంది. పగల్లేదుగా, కాస్త వెళ్లి చూడు.”

నాకు తెలిసింది ఇలా. మనిషి గురించి ఒక మాట, మిషన్ గురించి రెండు.

ఇళ్లకు ఇంటర్నెట్ పెట్టే ఆఫీసులో నేనూ శ్రీనన్నా టెక్నీషియన్లం. బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల డాబాలన్నీ ఇద్దరం కలిసి ఎక్కినవే. వానకు తడిసిన పిట్టగోడ మీద నిలబడాలి, సేఫ్టీ బెల్టులు ఇవ్వండి అని అడుగుతూనే ఉన్నాం. “వచ్చే నెల” అంటూనే ఉన్నారు.

అన్నకి ఆ నెల రాలేదు.

వాళ్లింట్లో ఒక పాత డెస్క్‌టాప్ ఉంది. పడేయమంటే వినడు. దానికి వైఫై లేదు. పోయినేడాది ఒక ఆదివారం నన్ను పిలిచి, చిన్న యూఎస్‌బీ వైఫై అడాప్టర్ చేతిలో పెట్టాడు.

గుచ్చాను. కంప్యూటర్ గుర్తుపట్టలేదు. డ్రైవర్ సాఫ్ట్‌వేర్ కావాలంది. డ్రైవర్ దించాలంటే నెట్ కావాలి. నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి.

జ్యోతి వదిన టీ తెచ్చి చూసింది. “ఊరందరికీ నెట్ పెట్టొస్తారు. ఇంట్లో మాత్రం ఇదీ మీ సంబడం.”

చివరికి నా లాప్‌టాప్‌లో డ్రైవర్ దించి, పెన్ డ్రైవ్‌లో ఎక్కించాను. సీపీయూ వెనకాల సిగ్నల్ అందట్లేదని అన్న ఒక ఎక్స్‌టెన్షన్ వైరు కలిపి, అడాప్టర్‌ని క్యాలెండర్ మేకుకి వేలాడదీశాడు. ముందు తన ఫోన్ హాట్‌స్పాట్‌తో టెస్ట్ చేశాం.

హాట్‌స్పాట్ పేరు “వెళ్లొస్తా”.

“ఇదేం పేరన్నా?”

“గడప దాటేటప్పుడు ‘వెళ్తా’ అనకూడదురా. అందులో డాబాలెక్కే ఉద్యోగం మనది.”

తర్వాత ఇంటి రౌటర్‌కి కలిపాం. కానీ ఫోన్ హాట్‌స్పాట్ పేరు కూడా ఆ కంప్యూటర్ గుర్తుంచుకుంది.

ఈ రోజు పొద్దున వాళ్లింటికి వెళ్లాను. ఫ్రీజర్ బాక్స్‌లో అన్న. ముఖం మీద గుడ్డ.

వదిన నన్ను పక్కకి పిలిచింది. “ముఖం ఎవరికీ చూపించట్లేదు కిరణ్. తీసుకెళ్లేలోపు తల దగ్గర ఫోటో పెట్టాలి. నవ్వుతున్నది. మీ అన్న మెయిల్‌లో ఉంది.”

ఆ మెయిల్ తెరిచి ఉండేది ఆ డెస్క్‌టాప్‌లోనే. ఆన్ చేశాను. రౌటర్ లైట్లు లేవు. ఫ్రీజర్ బాక్స్‌కి ప్లగ్గు దొరక్క ఎవరో రౌటర్‌ది పీకేశారు. ఆ బాక్స్ ప్లగ్గు తీయండని ఎలా అడగను? నా ఫోన్‌తో కలుపుదామని జేబులో చెయ్యి పెట్టాను.

అప్పుడు మేకు మీద నీలం లైటు వెలిగింది.

స్క్రీన్ మీద “వెళ్లొస్తా”. కనెక్టెడ్. సిగ్నల్ ఫుల్.



తిరిగి చూశాను. ఆస్పత్రి వాళ్లిచ్చిన కవర్ బాక్స్ కిందే ఉంది. అందులో అన్న చొక్కా, పగిలి నల్లబడ్డ ఫోన్. పడినప్పుడు హాట్‌స్పాట్ ఆన్‌లో ఉందనుకుందాం. ఎవరూ కనెక్ట్ కాకపోతే కాసేపటికి దానంతటదే ఆగిపోవాలి. ఆ ఫోన్ సెట్ చేసింది నేనే, నాకు తెలుసు.

ఆగలేదు. ఎవరి కోసం ఉంది?

“వచ్చిందా?” అంది వదిన.

“వచ్చింది.”

“నెట్ ఎవరిది?”

“నాదే వదినా.”

ఫోటో పైనుంచి కిందికి మెల్లగా తెరుచుకుంది. జుట్టు. నుదురు. కళ్లు. గుడ్డ కింద ఉన్న ముఖం, తన డేటాతోనే, నా ముందుకొచ్చింది. పటమటలో ఫోటో ఫ్రేముల షాపుకి పంపాను.

“సెంట్” అని పడింది. నీలం లైటు ఆరిపోయింది. లిస్టులో ఆ పేరు లేదు. ఎంత వెతికినా లేదు.

ఫోటో టైముకి వచ్చింది. వదిన తల దగ్గర పెట్టింది. వచ్చినవాళ్లందరూ అన్నని నవ్వుతుండగానే చూశారు.

సూపర్‌వైజర్ గారూ, ఈ పోస్ట్ మీరూ చూస్తారు. మిషన్ పగల్లేదు. నా దగ్గరే ఉంది. అందరికీ బెల్టులు తెచ్చి తీసుకెళ్లండి. అప్పటిదాకా మాలో ఎవరూ డాబా ఎక్కరు.

చావింటి నుంచి వచ్చేటప్పుడు “వెళ్లొస్తా” అనకూడదు. నేనూ ఏమీ అనకుండానే వచ్చేశాను.

నువ్వూ ఈసారి ఆ మాట అనకు అన్నా.

వెళ్లు. ఎక్కడానికి డాబాలు లేని చోట ప్రశాంతంగా ఉండు.