బెల్లం వద్దన్న పెళ్లికొడుకు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, లోకానికి బుద్ధి చెప్పే భారమంతా నా నెత్తినే ఉందనుకునేవాణ్ణి. మదనపల్లెలో ఒక నర్సరీలో ఉద్యోగం. చక్కెరను మించిన తీపి ఉండే స్టీవియా మొక్కల్ని పుంగనూరు నుంచి కుప్పం దాకా రైతులకు అంటగట్టడమే నా పని. "ఈ ఆకు ఎంత తిన్నా పండ్లు పుచ్చవు, సూడండి" అంటూ నా నోరే తెరిచి చూపించేవాణ్ణి (ఆ పళ్లు చిన్నప్పటి వేపపుల్ల చలవేనని మాత్రం చెప్పేవాణ్ణి కాదు).

ఆ ఊపులో ఉండగానే అమ్మ నన్ను పుంగనూరుకు పెళ్లిచూపులకు తీసుకుపోయింది. అమ్మాయి తండ్రి బెల్లం వ్యాపారి. అమ్మాయి నాకు తెగ నచ్చేసింది. పెద్దవాళ్ల మాటలూ కుదిరాయి. ఆయన బెల్లం పళ్లెం నా ముందుకు జరిపి "నోరు తీపి చేసుకోప్పా" అన్నాడు. తింటే సంబంధం ఖాయమైనట్టు. అది తెలిసి కూడా, నా పాడు నోరు ఊరుకుంటేగా! "బెల్లం నాకొద్దు సార్, పండ్లు పుచ్చిపోతాయి. నాకాడ ఆకు పొడి ఉండాది" అంటూ జేబులోంచి పొట్లం తీశాను (కాబోయే మామను సార్ అనడం అమ్మకాల అలవాటు).

అమ్మ నా తొడ గిల్లింది. ఆయన పళ్లెం వెనక్కి లాక్కున్నాడు. "పిల్ల నచ్చలేదంటే నచ్చలేదని సెప్పొచ్చు గదప్పా. బెల్లాన్ని తిట్టేది యాల?" అన్నాడు. ఈలోగా అమ్మాయి అవ్వ పొట్లం అందుకుని చెంచాడు పొడి నోట్లో వేసుకుంది. అది చిటికెడైతే తీపి, చెంచాడైతే చేదు. "థూ! ఇది తీపంట! దీనికన్నా ఏపాకు నయం. ఈ పిల్లోనికి నాలికే లేదు" అంది. అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. లేచి లోపలికి పోబోయింది.

ఉద్యోగం, ఆకు, పళ్లు అన్నీ మరిచిపోయి, పళ్లెంలోని అన్నిటికన్నా పెద్ద ముక్క లాక్కుని బలంగా కొరికాను. ఎప్పటి బెల్లమో, రాయిలా ఉంది. ముందు పన్ను సగం విరిగి పళ్లెంలో పడింది. "నాకు పిల్ల నచ్చింది" అన్నాను, చేత్తో నోరు మూసుకునే. గడప దగ్గర ఆగిన అమ్మాయి పకపకా నవ్వింది.

ఇప్పుడు డాక్టరు నా చేత బెల్లం మానిపించాడు. ఆ అమ్మాయే, ఇప్పుడు మా ఆవిడ, పెరటి కుండీలోంచి రెండు స్టీవియా ఆకులు తుంచి నా టీలో వేస్తుంది. "ఏమప్పా, బెల్లం ముక్క కావాల్నా?" అని రోజూ ఎగతాళి. నేను రైతులకు చెప్పింది అబద్ధం కాదు, ఈ రోజుకీ నా పళ్లలో ఒక్కటీ పుచ్చలేదు. విరిగిన ఆ పన్ను మీదికి నాలుక పోయినప్పుడల్లా మాత్రం, సర్వం తెలుసనుకున్న ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వుకుంటాను. వాడు ఆలోచించకుండా చేసిన మంచి పని అదొక్కటే.