రేస్ ఇస్తే పడిపోయిన ముల్లు

ఆ కబురు నాకు మొదట తెచ్చింది మా సంఘం బండి నడిపే అన్న భార్య. నేను వదినా అని పిలుస్తాను. శనివారం పొద్దున మిషన్ ముందు కూర్చుని ఎవరిదో జాకెట్‌కు చేతులు ఎక్కిస్తున్నాను. ఆమె గడప దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చి, కుర్చీ చూపించినా కిందనే కూలబడింది.

"రేపు ఆరాధన అయినంక మా ఆయన దగ్గర తాళంచెవి గుంజుకుంటరంట, చెల్లె," అంది. "ఆయిల్ చూసుకోకుండ ఇంజన్ ఖరాబ్ చేసిండంట. బండి తుక్కుకు వేస్తరంట. పద్దెనిమిదేండ్లాయె నడపవట్టి. ఇప్పుడు గీ మాట మోసుకోని మనిషి ఎట్ల బతుకుతడు? నిన్నటి సంది ముద్ద ముట్టలే."

సంఘం బండి అంటే ఏడుగురు కూర్చునే పాత డీజిల్ కారు. ఆదివారం పూట బన్సీలాల్‌పేట్ సందుల నుంచి, సైనిక్‌పురి నుంచి నడవలేనివాళ్లను ఎక్కించుకుని తిరుమలగిరిలోని మా చర్చికి చేరుస్తుంది. ఆ నడవలేనివాళ్లలో నేనూ ఒకదాన్ని. పద్దెనిమిదేళ్లుగా అన్న ముందు నా చంక కర్రను అందుకుని, తర్వాత నాకు చెయ్యి అందిస్తున్నాడు. కిందటి ఆదివారం మాత్రం జ్వరంతో ఇంట్లో ఉండిపోయాను. ఆయిల్ ప్రెషర్ పడితే స్టీరింగ్ ముందు వెలిగే ఎర్ర బల్బు దారిలో వెలిగిన సంగతి అందుకే వదిన చెప్పేదాకా నాకు తెలియలేదు.

"వదినా, ఒక్కటి చెప్పు. ఆ బల్బు ఎప్పుడు వెలిగిందట? సిగ్నల్ దగ్గర ఆగినప్పుడా, జోరుగా పోతున్నప్పుడా?"

"నాకేం ఎరుక, నేనేమన్న డ్రైవర్నా?" అని విసుక్కుంది. మళ్లీ తనే అంది. "బండి చాలు జేయంగనే మంచిగుంటదంట. జోరందుకుంటే వెలుగుతదంట. ఆపి జెరసేపు నిలవెడితే మళ్ల మంచిగైతదంట. గీ మాట చెప్తే ఒక్కరు సుత వింటలేరు."

నేను మిషన్ మీద గుడ్డ కప్పి లేచాను. అలమర కింది అరలో, బైబిలు పక్కన, మా నాన్న రేకు డబ్బా ఉంటుంది. అందులో ఇంజన్‌లో నూనె ఒత్తిడి కొలిచే ఆయన ఆయిల్ ప్రెషర్ గేజు ఉంది.

మా నాన్న తిరుమలగిరిలో సైన్యం వర్క్‌షాపులో మెకానిక్. చిన్నప్పుడు వచ్చిన జ్వరానికి నా ఎడమ కాలు చచ్చుబడింది. బడి మెట్లు నా వల్ల కాలేదు. అమ్మ పొద్దున వాక్యం చదివించి అక్షరాలు దిద్దించేది. సాయంత్రం నాన్న డ్యూటీ దిగి వచ్చి వాకిట్లో ఎవరి కారో ముందేసుకుని, నన్ను పీట మీద కూర్చోబెట్టుకునేవాడు. నా లెక్కల పుస్తకం ఆయన పానాల పెట్టె. పది, పన్నెండు, పదమూడు పానాలు అడిగిన వెంటనే చేతికి అందించాలి. తప్పు అందిస్తే తిట్టేవాడు కాదు. "బోల్టే చెప్తది, పెట్టి చూడు," అనేవాడు. ఆయన పట్టుబట్టిన పద్ధతి ఒక్కటే: ఇంజన్ విప్పే ముందు ఇంజన్‌ని అడగాలి. అడగకుండా పానా పట్టినవాడు మెకానిక్ కాదు, కసాయి అనేవాడు. చుట్టాలు "ఆడపిల్లకు ఈ నల్ల నూనె చదువేంటి?" అని నవ్వేవారు. నాకిచ్చిన ఆ ఇంటి బడికి నేను ఇప్పటికీ రోజూ దేవునికి స్తోత్రం చెల్లించుకుంటాను.

వదినా నేనూ ఆటోలో వెళ్లేసరికి చర్చి ఆవరణలో బండి బానెట్ తెరిచి ఉంది. సంఘం కార్యదర్శి గారు నీడలో నిలబడ్డారు. ఆయన ఆఫీసు ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. చెడ్డవారు కాదు, కానీ నిర్ణయం రాసేశాక కలం వెనక్కి తిప్పరు. పక్కన గ్యారేజీ మేస్త్రి. అన్న దూరంగా, గోడకు ఆనుకుని, సొంత బండి శవాన్ని చూస్తున్నట్టు చూస్తున్నాడు.

"ఏవమ్మా, నువ్వొచ్చావేంటి? సీటు కవర్లకు కొలతలు తీసుకుంటావా?" అన్నారు కార్యదర్శి గారు.

"కొలత తీసుకోడానికే వచ్చానండి," అని గేజు చూపించాను.

మేస్త్రి నవ్వాడు. "మేడం, బేరింగులు పోయినయ్. ప్రెషర్ ల్యాదు. ఇంజన్ దించాలె. గీ బండికి గంత ఖర్చు దండగ అని సార్‌కు చెప్పిన. మీరు జెర జరుగున్రి, చీరకు నూనె అంటుతది."

"అంటనీ భయ్యా, నాకు అలవాటే. బేరింగులు పోయినయని నువ్వు చూసినవా, బల్బు చెప్పిందా?"

అతను తల గోక్కున్నాడు. "బల్బే."

"బల్బు అబద్ధం ఆడొచ్చు. ఒక్క అరగంట ఇవ్వు."

ముందు ఆయిల్ కొలిచే కమ్మి, డిప్‌స్టిక్, తీయించాను. ఆయిల్ నిండుగా ఉంది. వేళ్ల మధ్య రుద్ది చూశాను, డీజిల్ కలిసి పలచబడలేదు, నీళ్లు కలిసి తెల్లబడలేదు. ఆయిల్ చూసుకోలేదన్న మాట అక్కడికే సగం చచ్చిపోయింది. వదిన ఆ కమ్మిని నా చేతిలోంచి తీసుకుని కార్యదర్శి గారి ముక్కు దగ్గరగా పట్టుకుంది. ఆయన ఒక అడుగు వెనక్కి వేశారు.

తర్వాత బల్బుకు కబురు పంపే స్విచ్‌ను మేస్త్రి చేత విప్పించి, దాని స్థానంలో నాన్న గేజు బిగించాను. అన్నను పిలిచి ఇంజన్ చాలు చేయమన్నాను, స్టార్ట్ చేశాడు. ముల్లు లేచి మూడున్నర దగ్గర నిలబడింది. మేస్త్రి నవ్వు ఆగింది.

"రేస్ ఇవ్వన్నా. పట్టి ఉంచు."

ఇంజన్ గొంతు పెరిగింది. ముల్లు ముందు కొంచెం ఎక్కింది. ఆ తర్వాత మెల్లగా, మెట్లు దిగినట్టు దిగడం మొదలుపెట్టింది. మూడు. రెండు. ఒకటి.

"కట్టెయ్! కట్టెయ్!"

"చూశావా, ప్రెషర్ లేదు కదమ్మా," అన్నారు కార్యదర్శి గారు.

"లేదండి. ఎందుకు లేదో అది అడుగుదాం. పది నిమిషాలు ఆగండి."

నేను చర్చి మెట్టు మీద కూర్చుని, ప్రభువా, నిజమేదో అదే బయటికి రానీ అని ప్రార్థించాను. ప్రార్థించాక భయం వేసింది. నిజం అన్నకు ఎదురు తిరిగితే?

మళ్లీ చాలు చేస్తే ముల్లు మళ్లీ మూడున్నర. మళ్లీ రేస్ ఇస్తే మళ్లీ దిగిపోయింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎందుకంటే ఈ పాఠం నాకు తొమ్మిదేళ్లప్పుడు వచ్చింది, అదీ కొబ్బరి బోండాంతో.

జ్వరంలో ఉన్న నాకు నాన్న బోండాం తెచ్చి గొట్టం వేసి ఇచ్చాడు. లేత మీగడ ముక్క ఒకటి గొట్టానికి అడ్డం పడింది. నేను బలంగా పీల్చాను, చుక్క రాలేదు. "ఎంత గుంజితే అంత అతుక్కుంటది. గుంజుడు ఆపు," అన్నాడు. ఆపితే ముక్క జారిపోయి నీళ్లు వచ్చాయి. "ఇంజన్ల కూడ గంతే బిడ్డా. బేరింగులు అరిగితే, వేడి మీద స్లోలో ప్రెషర్ పడతది, రేస్ ఇస్తే లేస్తది. జాలీకి చెత్త పడితే ఉల్టా. రేస్ ఇస్తే పడతది, ఆపితే లేస్తది."

ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు మేస్త్రికి చెప్పాను. ఇంజన్ కింది ఆయిల్ చాంబర్లో, పంపు నూనె పీల్చుకునే చోట జల్లెడలాంటి చిన్న జాలీ ఉంటుందని, దానికేదో అడ్డం పడుతోందని కార్యదర్శి గారికి విప్పి చెప్పాను. మేస్త్రి కాసేపు గేజు వైపు, కాసేపు నా కర్ర వైపు చూశాడు.

"మాట కరెక్టే ఉన్నది సార్. ఇంజన్ దించుడెందుకు, చాంబర్ విప్పి చూస్తే పాయె," అని తనే జాకీ తెచ్చుకున్నాడు. పట్టుదలకు పోకుండా ఒప్పుకున్నాడు. అది కూడా కృపే.

మధ్యాహ్నానికి చాంబర్ కిందికి వచ్చింది. జాలీ నిండా ఎర్రటి రబ్బరు ముక్కలు, సేమ్యాల్లా. చాంబర్ అంచుకు నూనె కారకుండా పూసే పేస్టు అది. పలచగా పూయాలి. ఎక్కువైతే లోపలికి పొంగి, ఎండి, తెగి పడుతుంది.

"ఎవడు పూసిండు గింత పేస్టు? పుట్టినరోజు కేకు అనుకున్నడా?" అన్నాడు మేస్త్రి.

ముక్కలు నా అరచేతిలో ఉన్నాయి. తల ఎత్తితే అన్న ముఖం కనిపించింది. నాకు అర్థమైంది. కొన్ని నెలల కిందట ఆవరణలో కొత్త రాళ్లు పరిచారు. బండి నిలిపిన చోట నూనె చుక్కలు పడి మచ్చలయ్యేవి. దేవుని ముంగిట మరకలేంటని కొందరు గొణిగారు. ఆరాధన అయ్యాక అన్న మోకాళ్ల మీద కూర్చుని సబ్బు గుడ్డతో ఆ రాళ్లు తుడవడం నేను చూశాను. తర్వాత మచ్చలు పడడం ఆగింది. ఎలా ఆగిందని ఎవరూ అడగలేదు, నేను కూడా.

ఎప్పుడో ఎవరో పూసిన పాత పేస్టే అయివుంటుందిలే అనొచ్చు. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆయిల్ చూసుకోలేదన్న నింద ఎలాగూ పోయింది. ఇంకొక్క మాట అడ్డం వేస్తే అన్న తాళంచెవి అన్న దగ్గరే ఉంటుంది.

"నేనే సార్," అన్నాడు అన్న. "రాళ్ల మీద మచ్చలు పడుతున్నయని ఇంటికాడ జాకీ ఎత్తి నేనే విప్పి పూసిన. ఒక ట్యూబు మొత్తం పూసిన. మళ్ల కారొద్దని. ఎవరికి చెప్పలే. తప్పు నాదే."

వదిన నుదురు కొట్టుకుంది. "అడిగిన్రా నిన్ను? అడగకముందే అన్ని చెప్తవు!"

కార్యదర్శి గారు చాలాసేపు కింది రాళ్ల వైపే చూశారు. ఆ రాళ్లు పరిపించింది ఆయనే. చివరికి, "రేపు పొద్దున నడవలేని అమ్మలను తీసుకురావడానికి బండి సిద్ధమవుతుందా?" అన్నారు. మేస్త్రిని అడిగారో అన్నను అడిగారో తెలియలేదు. జవాబు మాత్రం మేస్త్రి ఇచ్చాడు. "జాలీ కడిగి బిగిస్తే పొద్దుగూకేసరికి ఐపోతది సార్. పేస్టు మాత్రం నేను పూస్త. డ్రైవర్ సాబ్ చెయ్యి పెట్టొద్దు." అది విని అన్న నవ్వాడు, ఆ వారంలో మొదటిసారి అయ్యుంటుంది.

ఆదివారం తాళంచెవి అన్న చేతిలోనే ఉంది, నన్ను ముందు సీట్లో ఆయన పక్కన కూర్చోబెట్టారు. వెనక అమ్మలు ఎప్పటిలా కీర్తన పాడారు, ఎప్పటిలా రెండో చరణంలో తప్పారు. బండి జోరందుకుంది. నేను బల్బు ఉండే చోటే చూస్తూ కూర్చున్నాను. అది వెలగలేదు. ఆరాధన తర్వాత మేస్త్రి ఫోన్ చేసి, బండి ఎట్లుందని అడిగి, "మేడం, మీకు ఎవరు నేర్పిన్రు?" అన్నాడు. "మా నాన్న, మా వాకిట్ల," అన్నాను. ఆ మాట చెప్పేటప్పుడు నా వీపు నిటారుగా అయింది. గర్వం పాపమంటారు గానీ, ఈ ఒక్క గర్వాన్ని దేవుడు క్షమిస్తాడని నా నమ్మకం.

అయితే నిజం చెప్పడం ఆ రోజు నాకు సులువు, నా చేతిలో గేజు ఉంది. అన్న చేతిలో ఏమీ లేదు, పోయే తాళంచెవి తప్ప. మా నాన్నను తలచుకోవడానికి నేనున్నాను. మీరు మాత్రం, మోకరించినప్పుడైనా, దారిలో ఏ బండి కిందనైనా నూనె చుక్క కనబడినప్పుడైనా, అడగకముందే "నేనే సార్" అన్న మా అన్నను ఒక్కసారి గుర్తు చేసుకోండి.