మునెమ్మవ్వ చెప్పిన ‘అవసరం’

వసకొమ్మును దీపం మంట మీద కాల్చగానే వంటిల్లంతా ఘాటు నిండింది. మనవడి అరికాలికి చుక్క పెట్టడానికి దాన్ని సానమీద అరగదీస్తున్నాను. పక్క గదిలో వాడు ఏడుస్తున్నాడు. పుట్టి నాలుగు రోజులైంది. పాలు ఎలా పట్టాలో కోడలు శైలజకు ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ తలో మాటా చెప్పి పోతున్నారు. ఆ అమ్మాయి గోడవైపు తిరిగి పడుకుంది. ఆ వాసన, ఆ ఏడుపు, అటు తిరిగిన ఆ వీపు కలిసి నన్ను నలభై ఏళ్ళ వెనక్కి లాక్కుపోయాయి. అక్కడ మునెమ్మవ్వ ఉంది.

మునెమ్మవ్వ తమిళనాడులో ధర్మపురి జిల్లా మహేంద్రమంగళంలో మంత్రసాని. ఒంగోలు దగ్గర పుట్టిన నేను ఎనభైల్లో ఆ ఊరికి కోడలిగా వెళ్ళాను. అత్తగారిది తరాలుగా అక్కడే సేద్యం చేసుకుంటున్న తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఆ తెలుగులో సగం నాకు అంతుపట్టేది కాదు, నా తెలుగు వాళ్ళకు సినిమా మాటల్లా వినిపించేది. ఊరంతా నన్ను ‘ఆంధ్రా కోడలు’ అనేవాళ్ళు. పురిటికి పుట్టింటికి బయలుదేరాల్సిన వారమే నొప్పులు మొదలయ్యాయి. వెంటనే మునెమ్మవ్వకు కబురు వెళ్ళింది.

ఆవిడ సన్నగా, వక్కలా గట్టిగా ఉండేది. గోళ్ళు ఎప్పుడూ మొదలంటా కత్తిరించుకునేది. ఊళ్ళో ఎంత పెద్దమనిషి ఎదురు మాట్లాడినా, “నిన్ను తలకిందులుగా పట్టుకున్న చెయ్యి ఇది” అని అరచెయ్యి చూపించేది. పురిటి గదిలో అయితే ఆవిడ మాటకు తిరుగే లేదు.

మిట్టమధ్యాహ్నం నాకు కొడుకు పుట్టాడు. బిడ్డ మొహం చూడగానే కన్నతల్లికి ప్రేమ పొంగుకొస్తుందని చిన్నప్పటినుంచీ విన్నాను. నాకేమీ పొంగలేదు. ఎర్రగా, ముడతలు పడి, ఎవరి బిడ్డనో తెచ్చి నా పక్కలో పెట్టినట్టు ఉన్నాడు. అందరికీ పుట్టుకతో ఉండేదేదో నాలో లేదని భయపడ్డాను. పైకి చెప్పుకోవడానికి సిగ్గేసింది.

మర్నాడు పొద్దున వాడు రొమ్ము పట్టలేదు. అత్తయ్య వాడి తల పట్టుకుని నా రొమ్ముకేసి అదిమేది. వాడు వెనక్కి విరుచుకుని కెవ్వున ఏడ్చేవాడు. అప్పుడే మునెమ్మవ్వ లోపలికి వచ్చింది. అత్తయ్య చెయ్యి తీసేసి, నా వైపు చూసి అంది:

“అవసరం లేదు. వాడే వస్తాడు. నువ్వు సుమ్మనే ఉండు.”

ఇంతలో పక్క పల్లెనుంచి కాన్పుకు పిలుపు వస్తే అటునుంచి అటే వెళ్ళిపోయింది. సుమ్మనే అంటే ఊరికే అని నాకు అప్పటికే తెలుసు. అవసరం లేదట. నా గుట్టు ఈవిడ కనిపెట్టేసింది, ఈ బిడ్డకు నేను అక్కర్లేదని మొహం మీదే చెప్పింది అనుకున్నాను. గోడవైపు తిరిగాను. అత్తయ్య పిలిచినా ఇటు తిరగలేదు. ఏం చెయ్యాలో తోచక ఆవిడ దూదివత్తితో చక్కెర నీళ్ళు పట్టింది. మరుసటి రోజుకు వాడి ఏడుపు పిల్లికూత అంత అయిపోయింది.

మునెమ్మవ్వ తిరిగి వచ్చి వాడి నోట్లో వేలు పెట్టి చూసింది.

“ఏమ్మా ఆంధ్రా కోడలా, నాలిక ఎండిపోయుండాదే. పాలియ్యలేదా?”

“మీరే కదా అవసరం లేదన్నారు.”

“అవును, అన్నాను. అవసరం లేదు, నిదానంగా ఇయ్యమని.”

“అవసరం లేదంటే నిదానంగా అనా?”

“మరి? బస్సుకు పోయేవాడు అవసరంగా పరిగెత్తేది చూళ్ళేదా నువ్వు?”

అప్పుడు అర్థమైంది. తమిళంలో అవసరం అంటే తొందర. ఆ ఊరి తెలుగులోనూ అదే. “నేను అక్కర్లేదు అన్నారనుకున్నాను” అని ఏడ్చేశాను. ఆవిడ నవ్వలేదు. నా పక్కన చతికిలబడింది.

“నా నోరు పడిపోను. తప్పు నాదే తల్లీ. మీ తట్టు దానికి ఏమంటారు?”

“తొందర.”

“శరిపోయింది. మా తట్టు తొందర అంటే కష్టం, ఇబ్బంది.” అప్పటికి నవ్వింది. నాకూ ఏడుపులోనే నవ్వొచ్చింది.

తర్వాత బిడ్డ గుడ్డలు విప్పి, నా రొమ్ముల మధ్య బోర్లా పడుకోబెట్టి, పైన పాత చీర కప్పింది. “వాణ్ణి తొయ్యొద్దు, లాగొద్దు. చూస్తా ఉండు” అంది. చాలాసేపు వాడు కదల్లేదు. బయట సంగటి ఉడుకుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఉన్నట్టుండి పిడికిలి నాకాడు. తల ఎత్తబోయి వాల్చేశాడు. మళ్ళీ ఎత్తాడు. కాలి వేళ్ళతో నా పొట్టను తన్నుకుంటూ అంగుళం జరిగాడు, ఆగాడు, ఇంకో అంగుళం. అత్తయ్య సంగటి దించి వచ్చేసరికి వాడు చేరవలసిన చోటికి చేరి, నోరు తెరిచి, గట్టిగా పట్టుకున్నాడు.

“ఎవురు నేర్పించినారు వానికి?” అంది మునెమ్మవ్వ మెల్లగా.

అప్పుడు చెప్పగలిగాను. “వాడికి అన్నీ తెలుసవ్వా. నాకే ఏమీ తెలియదు. వాణ్ణి చూస్తే నాకు ప్రేమ రావడం లేదు.”

ఆవిడ గుండెలు బాదుకుంటుందనుకున్నాను. ఒడిలో ఆకువక్కల తిత్తి వెతుక్కుంటూ అంది: “వాడు ఆకలితోనే పుట్టినాడు. నీకు వాడు మొన్న కదా వచ్చినాడు? మీ ఇంట్లో తొలిచూలు ఆవు దూడను తన్నలేదా? బెల్లం పెట్టి, కాలు కట్టి, దూడను నాకించినారు. నాలుగు దినాలకు ఆ దూడ కోసమే కట్టుగొయ్య పెరికె. ఆ ఆవును ఎవురన్నా పాపిష్టిది అనిరా?”

ఎవరూ అనలేదు. ఆవిడ చెప్పినట్టే అయింది, కాకపోతే నాలుగు రోజులు కాదు, నెల పట్టింది. ఒకనాడు ఆవిడ స్నానం చేయిస్తుంటే వాడు తుమ్మాడు. పరిగెత్తుకెళ్ళి తువ్వాలుతో చుట్టి గుండెకు హత్తుకున్నాను. మునెమ్మవ్వ నన్నొకసారి చూసి, మిగిలిన నీళ్ళు పారబోసింది.

తర్వాత కొన్నేళ్ళు ఆవిడ వెంట కాన్పులకు వెళ్ళాను. ఒకసారి అంతా సవ్యంగానే ఉన్నట్టున్న గదిలోంచి ఆవిడ గబుక్కున లేచి, బండి కట్టమని, ధర్మపురి పెద్దాసుపత్రికి పోవాలని అంది. ఇంటివాళ్ళు గొణిగారు, ఆవిడ వాళ్ళను నోటికొచ్చినట్టు తిట్టింది. ఆలస్యమైతే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కేవాళ్ళు కాదని అక్కడ డాక్టరమ్మ చెప్పింది. మునెమ్మవ్వకు దేవుడు చెవిలో చెబుతాడని ఊళ్ళో అనుకున్నారు. నిజమేనా అని అడిగాను.

“దేవునికి వేరే పని లేదా? అంతదాకా నన్ను తిడతా ఉన్న పిల్ల, తిట్టేది నిలిపేసింది. అదీ సంగతి.” మళ్ళీ తనే, “మొదట్లో నాకూ తెల్దు. నా చేతిలో రెండు ప్రాణాలు పోయినాయి. అప్పట్నించి చూసేది నేర్చుకుంటిని” అంది. ఆ రెండు ప్రాణాల మాట మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు. నేను ఎరిగిన మనుషుల్లో అంత ధైర్యంగా తన తప్పు చెప్పుకున్నది ఆవిడొక్కతే.

వస అరగదీయడం అయింది. గిన్నె పక్కన పెట్టి గదిలోకి వెళ్ళాను. చుట్టాలను బయటికి పంపి తలుపు వేశాను. శైలజ పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేశాను. ఏం చెప్పాలో ముందుగా అనుకోలేదు. నోటికి వచ్చిన మాట ఒకటే.

“అవసరం లేదమ్మా.”

శైలజ గిరుక్కున ఇటు తిరిగింది. ఆ అమ్మాయిది విజయవాడ. ఆ కళ్ళలో దెబ్బ తగిలిన చూపు నాకు బాగా తెలుసు. అది ఒకప్పుడు నాది.

“అంటే తొందర లేదని” అన్నాను వెంటనే. “నువ్వు కావాలి. తొందరే అక్కర్లేదు.”

ఆ పిల్ల నా ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. ఏడవనిచ్చాను. తర్వాత మనవడి గుడ్డలు విప్పి, తల్లి గుండెల మీద బోర్లా పడుకోబెట్టి, నా పాత చీర కప్పాను. చేతులు వెనక్కి తీసుకుని చూస్తూ కూర్చున్నాను.