సందు పళ్ళ ఈల

హెప్సిబా ఈల వేస్తే మేకలు గుట్ట దిగి వస్తాయి. మా పల్లెలో ఇది అందరికీ తెలిసిన సంగతి. అర్ధవీడు దాటి కొండల వైపు పోయే దారిలో సాయంత్రం బస్సు దిగగానే, నాలుకను ముందు పళ్ళ సందులో ఆనించి ఊదేది. సన్నగా మొదలై, పైకి లేచి, చివర్లో ఒంపు తిరిగే ఈల. పైన మేస్తున్న మేకలు తలలెత్తేవి. ఒకదాని వెనక ఒకటి దిగేవి. వాటి వెనకాల ఆమె తండ్రి జ్ఞానయ్య కర్ర భుజాన వేసుకుని తీరిగ్గా నడిచి వచ్చేవాడు.

ఆ సందు, ఆ ఈల రెండూ తండ్రి ఇచ్చినవే. ఇప్పుడాయనకు ముందు పళ్ళు లేవు. మా ఫ్లోరైడు బోరు నీళ్ళు తాగి ముసలితనం దాకా పళ్ళు నిలుపుకున్న మనిషిని నేనైతే చూడలేదు. ఆయన పళ్ళు పోయాక మేకలను పిలిచే పని కూతురిదైంది. కట్టుడు పళ్ళు పెట్టిస్తానని ఆమె అంటే, "వాట్లో సందు పెడతారా?" అని అడిగాడు. పెట్టరని తెలిసి, వద్దులెమ్మన్నాడు.

హెప్సిబాకేమో ఆ సందు మీద చిన్నప్పటి నుంచీ కోపం. "గేటెయ్యవే, ఈగలు పోతాయి" అని బడిలో ఏడిపించేవాళ్ళు. అప్పటి నుంచి నవ్వొస్తే చాలు, చెయ్యి దానంతటదే నోటికి అడ్డం పోయేది. చర్చిలో క్రిస్మస్‌కి తీసిన ఏ ఫోటోలో చూసినా ఆమె మొహం సగమే ఉంటుంది. అలాంటి పిల్లకు డిగ్రీ అయ్యాక కంభంలో ఉద్యోగం దొరికింది. ఎక్కడనుకున్నారు? పళ్ళ ఆసుపత్రిలో, వచ్చినవాళ్ళను నవ్వుతూ పలకరించే ముందు బల్ల దగ్గర. దేవుడికి కూడా వేళాకోళం ఉన్నట్టుంది.

డాక్టర్ లక్ష్మీప్రియ కొన్నాళ్ళు చూసి, ఒకరోజు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి నోరు స్కాన్ చేసింది. హైదరాబాదు నుంచి అలైనర్లు వచ్చాయి. తీగలూ మేకులూ ఏమీ లేవు. పళ్ళకు అచ్చంగా సరిపోయే పలచటి తొడుగులు, పెట్టుకుంటే ఉన్నట్టే కనపడవు. ఒక జత కొన్నాళ్ళు పెట్టుకుంటే పళ్ళు కాస్త జరుగుతాయి. ఆ తర్వాత ఇంకాస్త దగ్గర చేసే జత. తినేటప్పుడు తీసి డబ్బీలో పెట్టుకోవచ్చు.

"మేకపిల్ల పాలు తాగకుండా మూతికి చిక్కం కడతాం. నువ్వు పళ్ళకే కట్టించుకున్నావేందే అమ్మీ" అని నవ్వాడు జ్ఞానయ్య.

హెప్సిబా నవ్వలేదు. "సందు పూడిపోతే ఈల పోతాది నాయనా. మేకల్ని ఎవరు పిలుస్తారు? ఆ గుట్టంతా నువ్వు ఉరకాల."

"వాటికి సప్పుడు ఎంతుంటే ఏంది? ఊదేది నువ్వని తెలిస్తే సాలు. వస్తాయి" అన్నాడాయన.

ఆ మాట పట్టుకుని ఆమె ధైర్యం తెచ్చుకుంది. కొత్త జత పెట్టుకున్న రోజు పళ్ళు బిగుతుగా, తియ్యగా నొప్పి పెట్టేవి. బస్సు కిటికీకి తల ఆనిస్తే చాలు, కునుకు పట్టేది. ఆ కునుకులో ఆమె పళ్ళు రెండూ మెల్లగా ఒకదాని వైపు ఒకటి నడిచేవి. కిటికీ బయటి కొండలు కూడా వాటితో పాటే దగ్గరికి జరిగేవి. ఎవరిదో పెళ్ళి. హెప్సిబా పడీ పడీ నవ్వుతోంది. చేతులు రెండూ ఒళ్ళోనే ఉన్నాయి. అంత సుఖమైన కల కండక్టరు కేకతో చెదిరిపోయేది.

దిగి, తొడుగులు డబ్బీలో పెట్టి, ఊదేది. ఈల వారం వారం సన్నబడింది. చివరికి ఉత్త గాలే మిగిలింది. అయినా మేకలు వచ్చేవి, ఎప్పటిలాగే, వెంటనే!

"నా గాలి కూడా గుర్తు పడతాండాయి నాయనా!" అని మురిసిపోయేది.

"పట్టవా మరి?" అనేవాడు జ్ఞానయ్య, ఆయాసం దాచుకుంటూ.

ఇంట్లో తల్లి యేసుమణి ఆయన మోకాలికి ఆముదం రాస్తూ, "ఈ మధ్య ఏంది ఇట్ల వాస్తాంది?" అని గొణిగేది. ముసలితనమని ముగ్గురూ సరిపెట్టుకున్నారు.

ఒకరోజు డాక్టరమ్మ ఆ పళ్ళ మధ్య దారం పెట్టి చూసింది. దారం ఇరుక్కుంది. "కలిసిపోయాయి!" అంది. హెప్సిబాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. నాయనకు చూపించాలని బస్సు కోసం ఆగకుండా ఆటో ఎక్కి ముందే వచ్చి, ఎవరికీ చెప్పకుండా గుట్ట ఎక్కింది.

పైన జ్ఞానయ్య ఉరుకుతున్నాడు. ఒక కాలు ఈడుస్తూ, ఒక్కో మేకను మళ్ళించి పెద్ద బండ వెనక్కి తోలుతున్నాడు. రాళ్ళలో జారి పడ్డాడు, లేచాడు. అక్కడ ముందే నరికి పెట్టిన తుమ్మకొమ్మలు వాటి ముందు వేసి, రెండు చేతులూ అడ్డం చాపి కూర్చున్నాడు.

"ఉండండే. బస్సు రానీ" అంటున్నాడు మేకలతో. "అమ్మి ఊదినాక పోదురు. ముందే పోతే దానికి తెలిసిపోతాది."

హెప్సిబాకు ముందు కోపం వచ్చింది. ఆ తర్వాత ఏడుపు వచ్చింది. అరవబోయి, నోరు మూసుకుని, వచ్చిన దారినే దిగిపోయింది. బస్సు వచ్చింది, ఆగింది, పోయింది. ఆ దుమ్ములో నిలబడి నాలుకను పళ్ళకు ఆనించింది. నాలుకకు చోటు దొరకలేదు. ఊదింది. ఆ గాలి ఆమెకే వినపడలేదు.

మేకలు గంతులేస్తూ దిగి వచ్చాయి. వాటి వెనకాల కర్ర భుజాన వేసుకుని, తీరిగ్గా, జ్ఞానయ్య.

"ఈ పొద్దు బాగా గట్టిగా వినపడినాది అమ్మీ" అన్నాడు.

ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. చెయ్యి నోటికి పోలేదు. అది ఆయన మోచేతిని పట్టుకుని ఉంది.

జ్ఞానయ్య బిడ్డ మొహాన్ని మొత్తంగా చూశాడు. "గేటు మూసినారే!" అన్నాడు బోసినోటితో. "ఎంత బాగుండావే అమ్మీ."

"రేపట్నించి బస్సు దిగి నేనే పైకొస్తా నాయనా. ఇద్దరం తోలకొద్దాం."

ఆయన నవ్వు ఆగిపోయింది. మేకల వైపు చూశాడు, నేల చూశాడు.

"ఎప్పుడు చూసినావు?" అన్నాడు.

హెప్సిబా ఆయన కర్ర తాను తీసుకుని, తన భుజం ఆయనకు ఇచ్చింది.