ఉపవాస దినాల్లో మాత్రలు

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నాయన కఫంలోని క్షయ సూక్ష్మజీవులను మైక్రోస్కోపులో మొదటిసారి చూసినప్పుడు అవి నాకు అందంగా అనిపించాయి. నీలం మీద సన్నని ఎర్రటి పుల్లలు. మార్కాపురంలో మైక్రోబయాలజీ చదువుతున్నానని తెలిసి ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేసే అక్క చూడనిచ్చింది. "ఏంది పాపా, అంతసేపు చూస్తాండావు?" అంటే పక్కకు జరిగాను.

నాయన పలకల గనిలో పనిచేసేవాడు. ఆరు నెలలు రోజూ మింగమని మాత్రలిచ్చారు. రెండు నెలలకే జ్వరం పోయింది. అంతలో ఈస్టరుకు ముందు నలభై రోజుల ఉపవాసాలు వచ్చాయి. సాయంత్రం ప్రార్థన అయ్యేదాకా మా ఇంట్లో మంచినీళ్లే. పొద్దున మాత్ర వేసుకుంటే ఖాళీ కడుపులో తిప్పేదని, దగ్గు వచ్చిన సాయంత్రాలే వేసుకోసాగాడు.

"పాస్టరయ్యగారే ఉపవాసంలో గూడా మింగమన్నాడు గద నాయనా."

"ఆయన మంచోడు, అట్లనే అంటాడు. పలకల దుమ్ము తిని బతికిన పురుగులమ్మా ఇవి. నాలుగు దినాలు మాత్ర ఆపితే యాడికి పోతాయి?"

"అవి గూడా నీతోపాటు ఉపవాసముంటాయిలే," అంది అమ్మ.

ఆ రోజుల్లోనే మా పాఠంలో చదివాను. మందు చంపేటంత కాకుండా కొద్దికొద్దిగా తగిలితే బ్యాక్టీరియా ఒత్తిడిలో పడుతుంది. దెబ్బతిన్న డీఎన్ఏను హడావిడిగా అతుక్కుంటుంది. ఆ హడావిడిలో తప్పులు ఎక్కువవుతాయి. చాలా తప్పులు దాన్నే చంపుతాయి. ఏదో ఒక తప్పు మాత్రం మందును తట్టుకోనిస్తుంది. తక్కినవి చచ్చిన చోట అదే పెరుగుతుంది. పుస్తకంలో రాసింది వేరే బ్యాక్టీరియా గురించి. నాయన ఊపిరితిత్తుల్లోనూ అలాగే జరిగిందో, అలాంటివి ముందే ఉన్నాయో ఎవరూ చెప్పలేరు.

నాయనకు చదివి వినిపించాను. "అయితే కష్టమొస్తే వాటికి గూడా బుద్ధి మారుతుందన్న మాట," అని నవ్వాడు. మర్నాటి నుంచి రోజూ మింగాడు.

ఈస్టరు దాటాక దగ్గులో రక్తం పడింది. ముఖ్యమైన రెండు మందులూ ఇక పనిచేయవని రిపోర్టు వచ్చింది. పెద్దాసుపత్రిలో కొత్త మందులు మొదలుపెట్టారు. దుమ్ముతో ముందే పాడైన ఊపిరితిత్తులు వాటికోసం ఆగలేదు.

ఆఖరిసారి రాగిజావ తీసుకుని వెళ్లాను. మాస్కు సరిచేసుకుని వార్డు గడప దాటబోతుంటే మంచం మీంచే చెయ్యి అడ్డంగా ఊపాడు.

"ఆడ్నే నిలబడు తల్లీ. లోపలికి రాబాకు."