మెట్లు చల్లగా ఉన్న రోజు

నిన్న మధ్యాహ్నం ఆరిన బట్టలు తెద్దామని చెప్పులు లేకుండా మేడ మీదికి వెళ్ళాను. అరికాళ్ళు చుర్రుమన్నాయి. ఒక్క గెంతులో నీడలోకి వచ్చి పడ్డాక, తిరుత్తణి బడిలో మాకు సైన్సు చెప్పిన మునిరత్నం అయ్యవారు గుర్తొచ్చారు. ఆయనదీ మాలాగే నేతవాళ్ళ ఇల్లు. గుంటమగ్గంలో కాళ్ళాడించే పిల్లలకు కాలితోనే పాఠం చెప్పేవారు. "నరమంటే కరెంటు తీగ కాదబ్బా. దాంట్లోకి ఒక ఉప్పు పోతాది, ఇంకో ఉప్పు బయటికొస్తాది. ఆ తలుపులు వరసగా తెరుచుకుంటా పోతేనే కాలు కాలినాదని తలకు తెలిసేది. నెత్తురులో చక్కెర పేరుకుంటే ఆ నరమే చచ్చిపోతాది." మేం నోరు తెరుచుకుని వినేవాళ్ళం.

నేను రైల్లో మద్రాసు కాలేజీకి వెళ్ళొచ్చే రోజుల్లో ఒకసారి ఆయన్ని చూడ్డానికి వెళ్ళాను. బడి ప్రయోగశాలలో ఒక్కరే కూర్చుని, నీలం మందులో నాలుగు చుక్కల మూత్రం వేసి వేడి చేస్తున్నారు. చూస్తుండగానే అది ఇటుక రంగుకు తిరిగింది, అంటే చక్కెర బాగా ఎక్కువన్నమాట.

"ఎవురిది సార్?"

"నాదే పాపా. మాత్రలు మింగతానే ఉండాను. ఆడికృత్తిక పండగకు కొండమీది స్వామికి కావడి ఎత్తతానని మొక్కుకున్నా, చక్కెర దిగిపోతాది. ఇంట్లో చెప్పబాకు."

నాకు ఒళ్ళు మండింది. మాకు చెప్పిన పాఠం ఆయనకు మాత్రం పట్టదా? గురువుగారాయె, సరేనని తలూపి వచ్చేశాను.

ఆడికృత్తిక నాడు ఆయన కావడి వెనక నేనూ కొండెక్కాను. మిట్టమధ్యాహ్నం రాతిమెట్లు పెనంలా కాలుతున్నాయి. కావడి వెంట నడిచేవాళ్ళు కాలుతోందని అనకూడదు, అంటే ఎత్తినవాళ్ళకు మొక్కు దక్కదని మా వాళ్ళ నమ్మకం. పళ్ళు బిగబట్టి ఎక్కాను. సగం దారిలో ఆయన వెనక్కి తిరిగారు. ముఖం వెలిగిపోతోంది.

"మెట్లు ఎంత చల్లగా ఉండాయో చూస్తివా? స్వామి దయ. నీకూ అట్నే ఉండాదా?"

పాఠం గుర్తుకు రాలేదని బుకాయించను. వచ్చింది. "అవును సార్" అన్నాను.

కొండ దిగేసరికి ఆయన అడుగేసిన చోటల్లా తడి. బొబ్బలు చితికి పుండయ్యాయి, పుండు మానలేదు. తిరువళ్ళూరు ఆసుపత్రిలో ముందు వేళ్ళు తీశారు, తర్వాత మోకాలి కింద కాలు తీశారు. చివరిసారి వెళ్ళినప్పుడు ఆయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు.

"ఆ పొద్దు నిజంగా నీకూ చల్లగానే ఉండెనా పాపా?"

దీపావళికి ముందే పోయారు. ఆయన దగ్గర నేర్చుకున్నదంతా ఇప్పటికీ ఒప్పజెప్పగలను, ఆ ఉప్పుల పేర్లతో సహా. రెండుసార్లు నన్ను అడిగారు. రెండుసార్లూ అబద్ధమే చెప్పాను.