కౌంటరక్కకి నచ్చని సినిమా

మా వీధి చివర పళ్ళ డాక్టరు దగ్గర కౌంటరులో కూర్చునే ఆవిడని అందరూ కౌంటరక్క అంటారు. వచ్చినవాళ్ళకి చీటీ ఇవ్వడం, వరసగా పిలవడం ఆమె ఉద్యోగం. కానీ ఊరు ఊరంతా ఆమె దగ్గరికి వచ్చేది కొత్త సినిమా సంగతి కనుక్కోడానికే. నేనేం పెంచి చెప్పడం లేదు, మహా అయితే కొంచెం. దవడ వాచి గుమ్మడికాయంత అయినవాడు కూడా "అక్కా, కొత్తది ఎలా ఉంది?" అని అడిగాకే తన నొప్పి సంగతి ఎత్తేవాడు.

అలాగని ఆమేమీ సినిమా పండితురాలు కాదు. ఇంట్లో ఫ్యాను వేడిగాలి కొడుతుంది, థియేటర్లో చల్లగా ఉంటుంది, అందుకని ఎండాకాలంలో సినిమాలకి వెళ్తుంది. చూసొచ్చి తన భాషలో తీర్పు చెబుతుంది. ఈ వేసవిలో ముందుగా వచ్చిన పెద్ద హీరో సినిమాకి, "పుచ్చిపన్ను. పైకి తళతళ, లోపల డొల్ల. హీరో గుద్దితే లారీలు గాల్లోకి లేచాయి. నేను మాత్రం లేవలేదు, మంచి నిద్రలో ఉన్నా" అంది. దయ్యం సినిమాకి, "పాపం, ఆ దయ్యానికి పళ్ళు తోముకునే తీరిక కూడా ఇవ్వలేదు. మన డాక్టరుగారు చూస్తే భయపడరు, చీటీ రాయమంటారు" అంది. బెంచీ మీద వాళ్ళు తమ వంతు వచ్చినా లేచేవాళ్ళు కాదు.

అలాంటి మహారాణి కాళ్ళ కిందకి నీళ్ళొచ్చాయి.

డాక్టరుకి సాయంగా ఒక అమ్మాయి కొత్తగా చేరింది. పేషెంటు నోట్లో ఊరే నీళ్ళు గొట్టంతో లాగడం, సామాను అందించడం ఆ అమ్మాయి పని. కౌంటరక్క ఆమెకి లోపలిపిల్ల అని పేరు పెట్టింది. ఆ పిల్లకీ సినిమా పిచ్చే. మత్తుసూది పనిచేసేదాకా పేషెంటుకి సినిమా కబుర్లు చెప్పేది. వాళ్ళు మొహం సగం మొద్దుబారి, మిగిలిన సగంతో నవ్వుకుంటూ బయటికొచ్చేవాళ్ళు. ఆ సగం నవ్వు చూస్తే కౌంటరక్కకి ఒంటికి కారం రాసుకున్నట్టుండేది.

"నోరు తెరిచి పడుకున్నవాడు ఎదురు చెప్పగలడా? వాడికి చెప్పడం ఏం గొప్ప?" అంది ఊడ్చే ఆయమ్మతో.

"అంత కడుపుమంటగా ఉంటే నువ్వూ వెళ్ళి ఆ కుర్చీలో పడుకో, నీకూ చెబుతుంది" అంది ఆయమ్మ. ఆ వారమంతా వాళ్ళిద్దరికీ మాటల్లేవు.

ఇంతలో లిఫ్టు సినిమా వచ్చింది. లిఫ్టులు బాగుచేసేవాడు ఒకడు, తను తప్పించుకు తిరుగుతున్న మామగారితోనే లిఫ్టులో ఇరుక్కుపోతాడు. ఆదివారం కౌంటరక్క దానికి వెళ్ళి, సీటు మరలు ఊడిపోయేలా నవ్వింది. దాన్ని ఎలా చెప్పాలో దారంతా అనుకుంటూ ఇంటికొచ్చింది. తీరా సోమవారం వచ్చేసరికి, బెంచీ మధ్యలో నిలబడి లోపలిపిల్ల అదే సినిమా చెబుతోంది. జనం పొట్టలు పట్టుకుంటున్నారు. కౌంటరక్క సినిమా కౌంటరక్క గొంతులోనే ఉండిపోయింది.

"మీరూ చూశారా అక్కా? ఎలా ఉంది?" అంది లోపలిపిల్ల.

"చూశాలే. అదీ ఒక సినిమానా? నాకు పెదవి కూడా కదల్లేదు."

"మత్తుసూది వేయించుకుని వెళ్ళారా ఏంటి?"

అక్కడ లేచిన నవ్వులకి బెంచీ విరగలేదంటే అది ఇనుపది కాబట్టి. ఆ రోజు నుంచి కౌంటరక్క ఆ సినిమా మీద పగబట్టింది. ఎప్పుడు రమ్మంటారని ఫోన్ చేసినవాళ్ళకి కూడా, వాళ్ళు అడక్కుండానే, అది బాగాలేదని చెప్పేది.

అప్పుడొచ్చారు రిటైరైన లెక్కల మాస్టారు, ఆయన భార్య. పళ్ళన్నీ తీయించుకున్నాక ఆవిడ నెలల తరబడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే తిరుగుతోంది. మర్నాడు కొత్త పళ్ళసెట్టు పెడతారు. పెట్టిన రోజే సినిమాకి తీసుకెళ్ళాలని ఆవిడ షరతు. ఏ వేసవిలోనైనా మాస్టారు కౌంటరక్క చెప్పిన సినిమాకే వెళ్తారు. ఈసారి ఎవరి మాట వింటారోనని అందరూ చెవులు రిక్కించారు.

"ఏమ్మా, ఆవిడకి ఏది చూపించమంటావ్? లోపలమ్మాయి ఆ లిఫ్టు సినిమా అంటోంది" అన్నారు మాస్టారు.

అదే చూడమనాలని కౌంటరక్కకీ తెలుసు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ లోపలి గుమ్మంలో ఆ పిల్ల నవ్వుతూ నిలబడి ఉంది. ఇప్పుడు అవునంటే ఇక కౌంటరులో మిగిలేది చీటీలే.

"దానికి మాత్రం వద్దు మాస్టారూ. అక్కాచెల్లెళ్ళ ఏడుపు సినిమా ఉంది, దానికి వెళ్ళండి."

"కొత్త పళ్ళు పెట్టుకుని ఏడవడానికా?" అంది మాస్టారు భార్య చేతిచాటు నుంచి.

"ఏడిస్తే సెట్టు కదలదమ్మగారూ. నవ్వితే ఊడి ముందు సీటువాళ్ళ ఒళ్ళో పడుతుంది."

మాస్టారు తలూపారు. ఆ పూటంతా కౌంటరక్క చీటీలు పతకాలు ఇచ్చినట్టు ఇచ్చింది.

మరి ఆ లిఫ్టు మనిషి మనసులోంచి దిగితేనా! మర్నాడు సాయంత్రం, మాస్టారు దంపతులు పక్క హాల్లో ఏడుస్తూ ఉంటారన్న ధైర్యంతో, మళ్ళీ అదే సినిమాకి ఒంటరిగా వెళ్ళింది. ఎంత నవ్విందంటే, అవతలి హాల్లో దయ్యం సినిమా చూస్తున్నవాళ్ళకి అసలు భయం అప్పుడే పుట్టిందట.

విశ్రాంతికి లైట్లు వెలిగాయి.

"నీ నవ్వే అనుకున్నా!" వెనక వరసలోంచి మాస్టారు భార్య. చెయ్యి అడ్డం లేదు, కొత్త పళ్ళు ధగధగలాడుతున్నాయి. "ఇన్నాళ్ళు మూతి మూసుకున్నది ఏడవడానికా అని ఈయన్ని ఇటే లాక్కొచ్చా. నీకు నచ్చలేదన్నావుగా?"

"ఇంకేమైనా తప్పులున్నాయేమోనని మళ్ళీ చూస్తున్నానండీ."

"దొరికాయా?"

"వెతుకుతున్నా."

తర్వాతి రోజు సెట్టు కాస్త ఒరుసుకుంటోందని దంపతులు వచ్చారు. కౌంటరక్క చీటీల కట్టలో తల దూర్చేసింది. మాస్టారు పెద్దమనిషి. ఆమెని ఎక్కడ చూశారో ఎవరికీ చెప్పలేదు. "సినిమా బాగుందమ్మా" అని మాత్రం లోపలిపిల్లతో అన్నారు. ఆ పిల్ల పొంగిపోయి, లిఫ్టులో మామగారు ముందు టిఫిన్ డబ్బా తీసి, తర్వాత అల్లుణ్ణి గుర్తుపట్టే ఘట్టం ఎత్తుకుంది.

కౌంటరక్క కాసేపు పళ్ళు బిగబట్టింది. ఇంకాసేపు బిగబట్టింది.

"ఏం కాదు! ముందు గుర్తుపడతాడు, గుర్తుపట్టాకే డబ్బా తీస్తాడు. కోపంలో తింటాడు కాబట్టే నవ్వొచ్చేది!"

"నాకు బాగా గుర్తుందక్కా."

"నువ్వు చూసింది ఒక్కసారి. నేను రెండుసార్లు చూశా!"

అన్నాక గానీ ఏమందో ఆమెకే తెలియలేదు. మాస్టారు గోడగడియారం వైపు చూశారు. లోపలిపిల్ల మాత్రం స్టూలు లాక్కుని కౌంటరు ముందు కూర్చుంది.

"అయితే మీరే చెప్పండక్కా, వింటా."

"నువ్వు లోపలికి పో. విని, రేపు నీదని చెప్పుకుంటావ్" అని, మొదటి సీను నుంచి మొదలుపెట్టింది కౌంటరక్క.